క్రైస్తవ వినయమును నిస్స్వార్థ సేవయు

వినయమును పొగడని మతము లేదు. సేవను పొగడని సభ లేదు. మన పాఠశాల వార్షికోత్సవములలో సైతము ఈ రెండు మాటలు వినబడని యుపన్యాసము అరుదు. అయినను మిక్కిలి తరచుగా పలుకబడు మాటలే మిక్కిలి తక్కువగా విచారింపబడుచుండును. తల వంచి నడచుట వినయమని కొందరును, మెల్లగా మాటలాడుట వినయమని కొందరును, తాము అల్పులమని పదిమందిలో చెప్పుకొనుట వినయమని మరికొందరును తలంచుచున్నారు. అట్లే పేదలకు వస్త్రములు పంచి, ఆ పంపకమునకు ఛాయాచిత్రము తీయించుకొనుట సేవయని యెంచువారును కలరు. క్రైస్తవ శాస్త్రము దేనిని వినయమని చెప్పుచున్నది, అది దైన్యముకంటె ఏ విధమున వేఱైనది, సేవ నిస్స్వార్థమైనదో కాదో ఎట్లు తెలిసికొనవలెను అను మూడు విషయములను ఈ వ్యాసమున విశదపఱుప యత్నించుచున్నాము.

ముందుగా మాటల యర్థమును విచారింతము. మన తెలుగు బైబిలులో ఈ గుణమునకు వినయము, దీనమనస్సు అను పదములు వాడబడినవి. వినయమను సంస్కృత పదమునకు శిక్షణ, క్రమమైన నడవడి అను అర్థములు కలవు. అందుచేతనే మన పెద్దలు విద్యకు ఫలము వినయమనిరి. దీనమనస్సు అను మాటయందు మాత్రము ఒక చిక్కు ఉన్నది. దీనుడనగానే ఆకలిచే కృశించినవాడును దిక్కులేనివాడును మనకు స్ఫురించును. దైన్యము ఒకని నెత్తిపై ఇతరులు మోపిన బరువు. దీనమనస్సు ఒకడు ఇతరుల నిమిత్తము తనంతట తాను ఎత్తుకొనిన బరువు. మొదటిది దుఃఖము, రెండవది గుణము. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలోను ఇట్టి చిక్కే యుండెను. అందలి ‘తపెయినోస్’ అను పదము ఆ కాలపు గ్రీకులలోను రోమీయులలోను సామాన్యముగా నీచత్వమును, బానిస బుద్ధిని తెలుపు నిందామాట. గౌరవము కోరు మనుష్యుడు దానిని దరిచేరనీయరాదని వారి తలంపు. ఆ నిందామాటనుండి పుట్టిన పదమునే పౌలు మొదలగువారు సద్గుణముల వరుసలో నిలిపిరి. ఒక మాటకు ఇంతటి మార్పు ఊరక కలుగదు. ఆ మార్పునకు కారణము ఒక రాత్రి భోజనపు బల్లయొద్ద జరిగిన కార్యమునను, ఆ మరునాటి సిలువయందును కనబడుచున్నది.

ఆ రాత్రి వృత్తాంతము యోహాను సువార్త 13వ అధ్యాయమున చెప్పబడినది. పాలస్తీనా దేశమున జనులు చెప్పులు తొడుగుకొని ధూళి మార్గములను నడచుచుండిరి గనుక ఇంటికి వచ్చిన అతిథికి కాళ్లు కడుగుకొన నీళ్లిచ్చుట మర్యాద. మన పల్లెలలో గడప యొద్ద చెంబుతో నీళ్లందించుట అట్టి మర్యాదయే. కాని నీళ్లందించుట వేఱు, వంగి కడుగుట వేఱు. కడుగుట దాసుల పని. దాసులలోను హెబ్రీయుడైన వానిచేత ఆ పని చేయింపరాదని యూద బోధకుల వ్యాఖ్యానమొకటి చెప్పుచున్నది. మన దేశాచారమునందు పాదములు కడుగుట తఱచుగా క్రిందివాడు పైవానికి చేయు గౌరవము. వివాహమున కన్యాదాత వరుని పాదములు కడుగును. శిష్యుడు గురువు పాదములు కడుగును. శ్రీకృష్ణుడు కుచేలుని పాదములు కడిగెనను కథ మనకు మిక్కిలి ప్రియమైనది. అది బాల్యమిత్రుడును బ్రాహ్మణుడునైన అతిథిని ఆదరించుట. ఇచ్చటనో, గురువే లేచి, పైవస్త్రము తీసివైచి, తువాలు నడుమునకు కట్టుకొని, జాలరులును సుంకరియు ఉన్న ఆ శిష్యబృందము యొక్క పాదములను వరుసగా కడిగి తుడిచెను. తమలో ఎవడు గొప్పవాడను వాదము ఆ భోజన సమయముననే వారిలో పుట్టినదని లూకా వ్రాసియున్నాడు. కడుగబడిన పాదములలో కొలది సేపటిలో ప్రభువును అప్పగింపబోవు యూదా పాదములును ఉండెను.

ఈ వృత్తాంతమున మనము సామాన్యముగా గమనింపని వాక్యమొకటి కలదు. యేసు తువాలు తీసికొనుటకు పూర్వము ఆయన ఏమి యెఱిగియుండెనో సువార్తికుడు ముందుగా చెప్పుచున్నాడు. తండ్రి సమస్తమును తన చేతికి అప్పగించెననియు, తాను దేవునియొద్దనుండి వచ్చి దేవునియొద్దకే పోవుచున్నాననియు ఎఱిగినవాడై ఆయన లేచెను. తన గొప్పతనమును మఱచి వంగలేదు. దానిని చక్కగా ఎఱిగియే వంగెను. క్రైస్తవ వినయమునకు మూలసూత్రమిదియేయని మా యభిప్రాయము. తన స్థానము పోవునేమోయని భయపడువాడు వంగలేడు. వంగినను ఎవరు చూచుచున్నారో యని ప్రక్కలకు చూచుచుండును. తన విలువ దేవుని చేతిలో భద్రముగా ఉన్నదని నమ్మినవానికి దానిని కాపాడుకొను పని లేదు గనుక వాని రెండు చేతులును ఇతరుల కొఱకు ఖాళీగా ఉండును. కాబట్టి తన్నుతాను తృణీకరించుకొనుట వినయము కాదు. చక్కగా పాడగల బాలిక తనకు పాట రాదనుట వినయము కాదు, అసత్యము. ఆ గానమును దేవుని వరమని యెంచి, స్వరము కుదరని తోటి బాలికకు ఓర్పుతో నేర్పుట వినయము.

పేతురు తన పాదములు కడుగనీయనని మొదట వారించెను. పైకి చూడ అది గొప్ప వినయమువలె తోచును. అయినను ప్రభువు దానిని అంగీకరింపలేదు. కడుగనీయనియెడల తనతో పాలు లేదని స్పష్టముగా తెలిపెను. ఇతరులకు ఉపకారము చేయుటయందు అహంకారము దాగియుండవచ్చును. ఇతరులనుండి ఉపకారము పొందుటకు ఇష్టపడకుండుటయందు అంతకంటె లోతైన అహంకారము దాగియుండవచ్చును. ఎల్లప్పుడు ఇచ్చువాడనై యుండవలెనని కోరువాడు ఎల్లప్పుడు పైనుండవలెనని కోరుచున్నాడు. అంతేగాక ఆ రాత్రియే ప్రభువు శిష్యులతో మాటలాడుచు, ఇక మీదట వారిని దాసులని పిలువక స్నేహితులని పిలుచుచున్నట్లు చెప్పెను. కడుగుట యొక్క ఫలము ఇదియే. వంగినవాడు క్రిందనే నిలిచిపోలేదు, కడుగబడినవాడు ఋణగ్రస్తుడుగా మిగిలిపోలేదు. ఇరువురును స్నేహితులై ఒక్క బల్లయొద్ద కూర్చుండిరి.

పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలోని రెండవ అధ్యాయము ఈ కార్యమునకు వ్యాఖ్యానమువంటిది. ఫిలిప్పీ రోమా ప్రభుత్వపు వలస పట్టణము. పదవులును పౌరసత్వమును అచ్చటివారికి గర్వకారణములు. అట్టి పట్టణమువారికి, తాను బంధకములలోనుండి, పౌలు ఏమి వ్రాసెను? దైవస్వరూపముగల క్రీస్తు ఆ భాగ్యమును గట్టిగా పట్టుకొనక, తన్నుతాను రిక్తునిగా చేసికొని, దాసుని రూపము ధరించి, సిలువ మరణము వరకు దిగివచ్చెననియు, అందుచేత దేవుడు ఆయనను అధికముగా హెచ్చించెననియు వ్రాసెను. సిలువ రోమా రాజ్యమున ముఖ్యముగా బానిసలకును తిరుగుబాటుదారులకును విధింపబడు శిక్షయని జ్ఞాపకముంచుకొనినయెడల, ఆ పట్టణపు పౌరులకు ఈ మాట ఎంత కటువుగా తోచియుండునో ఊహింపవచ్చును.

పాదములు కడిగిన కార్యము సంఘములో ఆచారముగా నిలిచినది. శుభశుక్రవారమునకు ముందటి గురువారమున నేటికిని అనేక సంఘములలో అది జరుగుచున్నది. ఇంగ్లండు రాజులు ఆ దినమున పేదల పాదములు కడుగు వాడుక యుండెను. 18వ శతాబ్దములో కడుగుట మానిపోగా, నాణెములు పంచుట మాత్రము మిగిలినది. వంగుటకంటె ఇచ్చుట సులభమని ఈ చరిత్ర తెలుపుచున్నది. 2013వ సంవత్సరమున పోపు ఫ్రాన్సిసు రోము నగరపు బాలనేరస్థుల చెఱసాలకు పోయి, స్త్రీలును మహమ్మదీయులును ఉన్న పండ్రెండుగురి పాదములు కడుగగా, పాత ఆచారము మరల ప్రాణము పొందినట్లు లోకము ఆశ్చర్యపడెను.

ఇచ్చట ఒక ముఖ్యమైన ఆక్షేపణకు ఉత్తరము చెప్పవలసియున్నది. మన తెలుగు సంఘములలో పెక్కుమంది, తరతరములుగా ఊరి వెలుపల ఉంచబడి, బావినీటికి దూరము చేయబడి, తల యెత్తరాదని శాసింపబడిన కుటుంబములవారి సంతానము. అట్టివారికి వినయమును బోధించుట పుండుమీద కారము చల్లుట కాదా యని కొందరు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనది. వినయమను పేరిట అణచివేతను సహించుమని బోధించిన బోధకులు ఎవరైన నుండినయెడల వారు సువార్తను తలక్రిందులు చేసినవారే. దిగుటకు మెట్టు ఉన్నవానికే దిగుమను ఆజ్ఞ వర్తించును. ఇతరులచే త్రోయబడి నేలపై పడియున్నవానికి సువార్త చెప్పు మొదటి మాట లెమ్మనుట. యేసు సమాజమందిరమున నడుము వంగిపోయిన స్త్రీని చూచినప్పుడు ఇంకను వంగుమనలేదు. ఆమెను నిటారుగా నిలువబెట్టెను. అతడు లేచిన పిమ్మట, తనకంటె బలహీనుడైన మరియొకని యెదుట ఇష్టపూర్వకముగా వంగిననాడు, అది దైన్యము గాక వినయమగును.

ఇట్టి సేవకు మన తెలుగుదేశ చరిత్రయందే తార్కాణములు కలవు. అమెరికను బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ దొర 1866వ సంవత్సరమున ఒంగోలు చేరెను. తొలి సంవత్సరములలోనే ఆయనకు కఠినమైన పరీక్ష యొకటి తటస్థించెను. పై కులములవారు కొందరు తమ పిల్లలను మిషను బడికి పంపుచు, బోధయందు ఆసక్తి చూపుచుండిరి. అంతలో తాళ్లకొండపాటి యెఱ్ఱగుంట్ల పేరయ్య మొదలగు మాదిగ కులస్థులు విశ్వసించి సంఘములో చేర గోరిరి. వీరిని చేర్చుకొనినచో వారు తొలగిపోవుదురు. దొరయు ఆయన భార్యయు ఆలోచించి, ప్రార్థించి, గొప్పవారి స్నేహమును పోగొట్టుకొనుటకు ఒప్పుకొనిరి గాని బీదలకు తలుపు మూయలేదు.

పిమ్మట 1876–78 సంవత్సరముల మహా క్షామము వచ్చెను. అప్పుడు ప్రభుత్వమువారు సముద్రతీరమున బకింగుహాము కాలువను త్రవ్వించుచుండిరి. క్లౌ దొర పూర్వము అమెరికాలో భూములు కొలుచు పని నేర్చినవాడగుటచే, ఆ కాలువలో సుమారు 3 మైళ్ల పనిని తానే గుత్తకు తీసికొని, ఆకలితో వచ్చిన వేలకొలది జనమునకు కూలి యిచ్చెను. తెలుగు బోధకులను పనిపై మేస్త్రీలుగా నియమించెను. ఇతరచోట్ల తిట్లును దెబ్బలును తినుచు వచ్చిన కూలివారికి, ఇచ్చట తమతో మనుష్యులవలె మాటలాడు మేస్త్రీలు దొరికిరి. అన్నము ఊరక పంచుటకును, పనియిచ్చి కూలి యిచ్చుటకును ఎంత భేదమున్నదో గమనింపుడు. మొదటిదానిలో చేయి క్రిందుగా చాచవలెను. రెండవదానిలో తాను త్రవ్విన మట్టికి తగిన వెల తాను తీసికొనును.

దీనికంటె గొప్ప విషయమొకటి కలదు. క్షామకాలమున వందలకొలది జనులు బాప్తిస్మము కోరిరి. మిషనరీకి ఇంతకంటె సంతోషకరమైన కోరిక ఏమున్నది? అయినను అన్నముకొఱకు విశ్వాసము వచ్చినదను అనుమానమునకు తావుండరాదని, కూలియు ధర్మమును పంచబడుచున్నంతకాలము ఆయన బాప్తిస్మములను నిలిపివేసెను. పదునైదు మాసములకు పైగా అట్లే నడచినది. సహాయ ద్రవ్యము నిలిచిపోయిన తరువాతను జనులు వచ్చుట మానలేదు. అప్పుడు 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదియందు వెలుంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ దినమున బాప్తిస్మమిచ్చినది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీటిలో నిలిచి ఇచ్చిరి. క్రైస్తవ లోకమున పలువురు ఆ సంఖ్యను చూచి ఆశ్చర్యపడిరి. మాకు మాత్రము ఆ సంఖ్యకంటె దానికి ముందు గడచిన ఆ మాసములే గొప్పవిగా తోచుచున్నవి. సేవకు ప్రతిఫలముగా ధనమును కోరకుండుట సులభము. కృతజ్ఞతను కోరకుండుట కష్టము. తన మతమున చేరుటను సైతము కూలిగా కోరకుండుట మిక్కిలి కష్టము. అన్నమునకు వెలగా విశ్వాసమును తీసికొనువాడు అన్నమును అమ్ముచున్నాడు, విశ్వాసమును కొనుచున్నాడు. ఆ రెండును బేరములే గాని సేవ కావు.

గుంటూరు పట్టణమున డాక్టరు అన్నా కుగ్లరమ్మగారి జీవితమును ఇట్లే చెప్పదగినది. ఆమె వైద్యవిద్యలో పట్టము పొంది 1883లో వచ్చెను. అయినను ఆమెను పంపినవారు మొదట వైద్య మిషనరీగా నియమింపక, బడులలోను అంతఃపుర స్త్రీల మధ్యను బోధించు పని అప్పగించిరి. తన చదువునకు తగిన పదవి రాలేదని ఆమె తిరిగి పోలేదు. తన చదువును పాతిపెట్టను లేదు. ఇచ్చిన పని చేయుచునే, వచ్చిన రోగులకు మందు ఇచ్చుచుండెను. 1885లో వైద్య సేవకు అనుమతి వచ్చినది. 1898లో ఆసుపత్రి తెరువబడినది. 1930లో ఆమె గుంటూరులోనే మరణించెను. నిజామాబాదు దాపున డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు కుష్ఠరోగులకు ఆసుపత్రి స్థాపించెను. హిందువగు నర్సాగౌడు గారు దానికి గొప్ప విరాళమిచ్చిరి. నేడు ఆ రోగము మందులచే నిశ్చయముగా నయమగును. ఆ కాలమున మందుకంటె ముందు రోగికి దొరకవలసినది, తన్ను ముట్టుటకు జంకని చేయి.

సేవ యెంత గొప్పదైనను స్నేహము లేనిచో అది అసంపూర్ణమని చెప్పినవాడు వేదనాయగం శామ్యూలు అజరయ్య గారు. వీరు తిరునెల్వేలి మండలమునుండి తెలుగువారి మధ్య పనిచేయుటకు దోర్నకలు వచ్చిరి. 1910వ సంవత్సరమున ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ముప్పదియైదేండ్ల యువకుడైన ఆయన నిలిచి, విదేశ మిషనరీలు తమ ధనమును దేహములను ధారపోసిన సంగతిని కృతజ్ఞతతో ఒప్పుకొనుచు, భారతీయులు వారినుండి కోరుచున్నది స్నేహమని నిర్భయముగా చెప్పెను. కొందరు సభ్యులకు ఆ మాట రుచింపలేదు. అయినను అది ఆ కడుగుట జరిగిన రాత్రి ప్రభువు చెప్పిన మాటకు ప్రతిధ్వనియే. దయగలవాడై యుండి తన బల్లయొద్ద సమానముగా కూర్చుండనీయనివాడు పాదములు కడిగినను స్నేహితుడు కాలేడు. అజరయ్య గారు 1912లో దోర్నకలు బిషప్పుగా అభిషేకింపబడి, ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుడై, 1945వ సంవత్సరపు మొదటి దినమున మరణించువరకు గ్రామ సంఘముల మధ్యనే శ్రమపడిరి. సభలో ధైర్యముగా మాటలాడిన ఆయన వినయమును, పల్లెలలో తిరిగిన ఆయన వినయమును ఒక్కటే. సత్యమును మ్రింగివేయుట వినయము కాదని ఇందువలన స్పష్టము.

నిస్స్వార్థమనగా జీతము తీసికొనకుండుటయని కొందరు భ్రమపడుదురు. ఉపాధ్యాయునకును నర్సునకును కుటుంబములు కలవు. పనివాడు కూలికి పాత్రుడని ప్రభువే బోధించెను. జీతము తీసికొనుచు జీతమునకు మించిన శ్రద్ధతో పనిచేయువాడు నిస్స్వార్థుడు కావచ్చును. జీతము లేకయే కీర్తికొఱకు పనిచేయువాడు స్వార్థపరుడు కావచ్చును. చేతికి వచ్చినదానిని గాక మనస్సు ఎదురుచూచుదానిని పరీక్షింపవలెను.

ప్రియ విద్యార్థులారా, మీ దినచర్యలో ఈ గుణమును పరీక్షించుకొనుటకు నాలుగు ప్రశ్నలు చెప్పుచున్నాము. మొదటిది: ఎవరును చూడనప్పుడు కూడ ఈ పని చేయుదునా? తనిఖీ దినమున తరగతి ఊడ్చువారు పలువురు. మరునాడు ఊడ్చువారెవరో గమనింపుడు. రెండవది: నా సేవవలన ఎదుటివాడు నిటారుగా నిలిచెనా, మఱింత వంగెనా? లెక్కలు రాని స్నేహితునకు జవాబు వ్రాసియిచ్చుట వానిని మీకు కట్టివేయును. ఓర్పుతో పద్ధతి నేర్పుట వానిని విడిపించును. మూడవది: వాడు నాకు కృతజ్ఞత చూపకపోయినను, ఎన్నికలో నా పక్షమున చేయి యెత్తకపోయినను, నా ప్రార్థనకూటమునకు రాకపోయినను, రేపు మరల సహాయము చేయుదునా? నాలుగవది: వానిచేత సహాయము పొందుటకు నాకు సమ్మతమేనా? వసతిగృహమున వంట చేయు అవ్వకు నమస్కరించుట మంచిదే. ఆమె చెప్పు బుద్ధిమాటను వినుట అంతకంటె మంచిది.

ఈ పాఠశాలనుండి వెడలి మీలో కొందరు అధికారులు, కొందరు వైద్యులు, కొందరు కర్షకులు, కొందరు బోధకులు కాగలరు. మీలో అనేకులు తమ కుటుంబమున మొట్టమొదట చదువుకొన్నవారు. మీ తలిదండ్రులు వంగి పనిచేసినందున మీరు లేచి నిలిచితిరి. లేచినందుకు సిగ్గుపడకుడు, ఎవరి యెదుటను అనవసరముగా తల వంచకుడు. కాని మీ తరువాత వచ్చు బాలుడు బడి గడప యొద్ద ధూళి పాదములతో నిలిచి లోనికి రా జంకుచున్నప్పుడు, వానికి నీళ్లిచ్చువారు ఎవరని చుట్టును చూడక, చెంబును మీరే యెత్తుకొనుడు. వానిని లోనికి పిలిచి మీ ప్రక్కన, మీ బల్లమీదనే, కూర్చుండబెట్టుకొనుడు.